తగ్గేది ఐదో వంతు, పెంచేది పావు

ఆమెను అందరూ మూతలమ్మ అంటారు. తల్లీదండ్రీ పెట్టిన పేరు కాదది, పింగాణీ కార్ఖానాలో చేసే పని పెట్టిన పేరు. బట్టీలో కాలి వచ్చిన జాడీలను ఒక పక్క, మూతలను మరో పక్క కుప్ప పోస్తారు. ఏ మూత ఏ జాడీకి కుదురుతుందో వెతికి జత చేయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. లోకంలో కొందరు పెళ్ళి సంబంధాలు కుదురుస్తారు, ఈమె మూతలు కుదురుస్తుంది. తేడా ఏమిటంటే, ఈమె కుదిర్చిన జంటలు తర్వాత వచ్చి గోల పెట్టవు.

అసలు జాడీకి మూత వెతుక్కోవలసిన ఖర్మ ఎందుకు పట్టిందంటే, దానికి కారణం మట్టి. మట్టి వస్తువు బట్టీలోకి వెళ్ళిన సైజులో బయటికి రాదు. ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. కాబట్టి అచ్చును ఎప్పుడూ కావలసినదానికంటే పెద్దగా చేయాలి. ఎంత పెద్దగా అంటే, అచ్చుల మేస్త్రీ ముసలాయన దగ్గర దానికొక కొలత ఉండేది. ఆ కొలత పేరు ‘ఇంకాస్త’. ఒక కన్ను మూసి, అచ్చును దూరంగా పట్టుకుని, "ఇంకాస్త ఉండాలోయ్" అనేవాడు. సోమవారం ఇంకాస్త వేరు, గురువారం ఇంకాస్త వేరు. అందుకే జాడీలొక దారి, మూతలొక దారి. వాటి మధ్య రాజీ కుదర్చడానికి ఒక గది, ఆ గదిలో గోడ పొడవునా చెక్క అరలు, కిటికీ కింద ఒక పీట, ఆ పీట మీద మూతలమ్మ.

పనిలో ఆమెకు తిరుగులేదు. మూతను జాడీ మీద పెట్టి చూపుడువేలితో చిన్నగా తిప్పితే చాలు, వేలికే తెలిసిపోయేది. కానీ లెక్కలంటే మాత్రం ఆమె ఆమడ దూరం పరిగెత్తేది. ఏడో తరగతిలో మాస్టారు ఆమెను లేపి, "క్లాసులో నలభై మంది. ఇవాళ ఇరవై శాతం రాలేదు. ఎంతమంది వచ్చారు?" అని అడిగారు. "ఇరవైమంది" అంది ఠక్కున. క్లాసంతా గొల్లుమంది. ఎందుకు నవ్వారో చెప్పిన నాథుడు లేడు. ఆ ఏడాదే చదువు ఆగిపోయింది, నవ్వు మాత్రం చెవిలో ఉండిపోయింది.

ముసలి మేస్త్రీ చూపు మందగించి పని మానుకున్న నెలలోనే ఆ ఆర్డరు వచ్చింది. ఒక పెద్ద మందుల దుకాణం వాళ్ళు కొత్త భవనంలోకి మారుతూ, మూడు వందల గాజు సీసాల మూతలన్నీ ఉన్న పెట్టెలను లారీలోంచి కింద పడేశారు. సీసాలు క్షేమం, మూతలు ముక్కలు. సీసా మూతి మీద టోపీలా కూర్చునే పింగాణీ మూతలు మూడు వందలు కావాలన్నారు. లోపలి వెడల్పు కచ్చితంగా పన్నెండు సెంటీమీటర్లు. నమూనాకు ఒక్క సీసా పంపారు.

యజమాని ఆ సీసాను చేత్తో పట్టుకుని మూతల గదికే వచ్చాడు. అరవై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు, అందుకే ఆయన చెప్పే చెడ్డ కబురు ఆలస్యంగా తగులుతుంది.

"సీసాలేమో వాళ్ళ దగ్గరున్నాయి, మూతలు మనం చెయ్యాలి. ఇక్కడ జత చూసుకోడానికి లేదు. ఏ మూత ఏ సీసా మీద పెట్టినా కూర్చోవాలి" అన్నాడు. "ఇకనుంచి అన్నీ లెక్కప్రకారమే చేద్దామనుకుంటున్నానమ్మా. కొత్త తెల్ల మట్టి తెప్పించాను. బస్తా మీదే రాసుంది, ఇరవై శాతం తగ్గుతుందని. అచ్చు లెక్క కుదిరితే మూతలు వాటంతటవే కుదురుతాయి. వచ్చే నెల నుంచి ఈ గది అక్కర్లేదు."

గది అక్కర్లేదంటే గదిలో మనిషి కూడా అక్కర్లేదని మూతలమ్మకు విడమరిచి చెప్పాలా?

"మరి ముసలి మేస్త్రీ కూర్చున్న ఆ అచ్చుల బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారయ్యా?"

"శాతాలు తెలిసినవాళ్ళెవరో ఒకరు."

"నాకు తెలుసు" అంది. నోరు జారింది. జారిన మాటను మళ్ళీ ఎత్తుకోవడం ఆమె వంశంలో లేదు.

యజమాని వెనకాల నిలబడ్డ సూపర్‌వైజర్ కిసుక్కున నవ్వాడు. యజమానికి మేనల్లుడు, ముప్పై ఏళ్ళవాడు, డిప్లొమా చదివాడు. ఆ బల్ల దగ్గర తన స్నేహితుణ్ణి కూర్చోబెట్టాలని అతని ఆలోచన. "శాతాలంటే మూతలు కాదు మూతలమ్మా, పెట్టి చూసి తీసెయ్యడానికి" అన్నాడు.

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బట్టీ ప్రతి శనివారం పెడతాం కదా. ఈ వారం ఇద్దరూ చెరొక మూత చేసి పెట్టండి, వచ్చేవారం ఇంకొకటి. ఎవరి మూత ఈ సీసా మీద సరిగ్గా కూర్చుంటే వాళ్ళ అచ్చుతోనే మూడొందలూ చేద్దాం. అచ్చు నీదై, అక్కడ దుకాణంలో మూడొందలూ సరిపోతే, మూతలమ్మా, ఆ బల్ల నీది. సరిపోకపోతే ఇక నన్నడగొద్దు."

సాయంత్రం మూతలమ్మ ఇంటికి కూడా పోకుండా నేరుగా పక్కవాటాలో ఉన్న ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది. ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏమే, శాతాలు నేర్పుతావా?"

"ఏం వదినా, నలభయ్యారేళ్ళకి పరీక్షలు రాస్తున్నావా?"

"రాస్తున్నా. తప్పితే ఉద్యోగం పోతుంది."

ఆడపడుచు ఇక వెక్కిరించలేదు. కుట్టుపని డబ్బాలోంచి గుండీలు తీసి బల్ల మీద పోసింది. వంద లెక్కపెట్టి, పదేసి చొప్పున పది వరసలు పేర్చింది. "శాతమంటే నూటికి ఇన్ని అని అర్థం, అంతే. ఇరవై శాతమంటే వంద గుండీల్లో ఇరవై. ఇదిగో, ఈ రెండు వరసలు."

"వంద లేకపోతే?"

"ఉన్నవాటిని ఐదు సమాన కుప్పలు చెయ్యి, ఒక కుప్ప తియ్యి. వందలో ఇరవై అన్నా, ఐదింట్లో ఒకటన్నా ఒకటే. మా ఆసుపత్రిలో నేల తుడిచే మందు కలిపినట్టే. ఒక పాలు మందుకి నాలుగు పాళ్ళు నీళ్ళు పోస్తే మొత్తం ఐదు పాళ్ళు. అందులో మందు ఇరవై శాతం. చెంబుతో కలిపినా అంతే, డ్రమ్ముతో కలిపినా అంతే."

మూతలమ్మ యాభై గుండీలు తీసుకుని ఐదు కుప్పలు చేసింది. ఒక కుప్పలో పది. ముప్పై తీసుకుంది. ఆరు. నలభై తీసుకుంది. కుప్పకు ఎనిమిది వచ్చాయి. చేతులు ఆగిపోయాయి. మిగిలిన నాలుగు కుప్పలూ కలిపి లెక్కపెట్టింది.

"ముప్పై రెండుమంది!" అని కేక పెట్టింది. "ముప్పై రెండుమంది వచ్చారే క్లాసుకి! నేను నలభైలోంచి ఇరవై తీసేశాను. శాతాన్ని తియ్యమంటే మనుషుల్ని తీసేశాను!" ఆడపడుచుకు ఏమీ అర్థం కాలేదు గానీ, వదిన కళ్ళల్లో నీళ్ళు చూసి ఆమె కూడా సంబరపడింది.

ఇక ఆ వారమంతా మూతలమ్మ మొగుడికి నిద్రాహారాలు లేవు. మంచి మనిషి, వ్యాను నడుపుకుంటాడు, లెక్కలతో ఏ తగవూ లేదు. "గ్లాసులో టీ ఐదో వంతు వదిలేశావు, అంటే ఎనభై శాతమే తాగావు" అంటుంది. "వ్యాను ట్యాంకులో ఎంత శాతం ఉంది?" అంటుంది. "నా ఓపికలో పది శాతం ఉంది" అన్నాడాయన. "అంటే పదో వంతు" అంది ఆమె వెంటనే.

శుక్రవారం నాటికి ఆమె లెక్క సిద్ధమైంది. పన్నెండు సెంటీమీటర్ల మూత కావాలి. మట్టి ఇరవై శాతం తగ్గుతుంది. పన్నెండులో ఇరవై శాతమంటే రెండు పాయింటు నాలుగు. పన్నెండుకు అది కలిపితే పద్నాలుగు పాయింటు నాలుగు. అచ్చు ఆ కొలతకు చేసింది. సూపర్‌వైజర్ పలక మీద చూస్తే అతని లెక్కా పద్నాలుగు పాయింటు నాలుగే! డిప్లొమా చదివినవాడి జవాబూ తన జవాబూ ఒకటే అయ్యేసరికి ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు.

సోమవారం బట్టీ తెరిచారు. రెండు మూతలూ తెల్లగా, నునుపుగా, కవల పిల్లల్లా ఉన్నాయి. యజమాని మొదట ఒకటి, తర్వాత ఇంకొకటి సీసా మీద పెట్టాడు. రెండూ దిగలేదు. పెద్దమనిషి నెత్తిన పసిపిల్ల టోపీ పెట్టినట్టు సీసా మూతి మీద ఊరికే తేలుతూ ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిస్తే పదకొండున్నర.

"మట్టి మంచిది కాదు" అన్నాడు సూపర్‌వైజర్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. "ఇరవై అని రాస్తారు గానీ ఇరవైరెండు తగ్గుతుందేమో. వచ్చేవారం ఇరవైరెండు కలిపి చేస్తా." ఇరవైరెండు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చెప్పడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముసలి మేస్త్రీ ‘ఇంకాస్త’ అన్నాడు, ఇతను దానికే అంకె తగిలించాడు.

మూతలమ్మ తన మూతను చెంగులో చుట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆమెకు మట్టి మీద కోపం రాలేదు. పంతొమ్మిదేళ్ళలో మట్టి ఆమెకు ఒక్క అబద్ధం చెప్పలేదు. తప్పు ఎక్కడో లెక్కలోనే ఉంది, ఆ తప్పు దొరక్కపోతే తన బతుకు వచ్చేవారానికి గది బయట ఉంటుంది. భయమేసింది. దారి పొడవునా ఆ భయంతోనే నడిచింది.

మూత చూసి ఆడపడుచు కూడా తెల్లబోయింది. ఆమె ఆసుపత్రిలో మందు కలపడమే గానీ, కలిపినదాన్ని వెనక్కి తియ్యడం ఎప్పుడూ లేదు. "లెక్క తప్పు లేదే వదినా! ఇరవై కలిపాం, ఇరవై పోయింది. మళ్ళీ పన్నెండే రావాలిగా?"

"రాలేదుగా. గుండీలు పొయ్యి."

వంద గుండీలు పోశారు. ఇరవై కలిపారు, నూట ఇరవై. ఇప్పుడు అందులోంచి ఇరవై శాతం తియ్యాలి. మూతలమ్మ నూట ఇరవైనీ ఐదు కుప్పలు చేసింది. కుప్పకు ఇరవై కాదు, ఇరవైనాలుగు! ఒక కుప్ప తీసేస్తే తొంభయ్యారు మిగిలాయి.

"నాలుగు ఎక్కువ తినేసింది" అంది ఆడపడుచు.

"ఎక్కువ తినలేదు, దాని వాటా అది తింది." మూతలమ్మ గుండీల వంక చూస్తూ నెమ్మదిగా అంది. "బట్టీకి నా పన్నెండు సంగతి ఏం తెలుసు? దాని ముందు నేను పెట్టింది పచ్చి మూత. అది పచ్చిమూతలో ఇరవై శాతం తింటుంది. నేనేమో కాలిన మూతలో ఇరవై శాతం లెక్కేసి కలిపాను."

"ఇరవై ఇరవయ్యే కదా?"

"కాదే! నువ్వు నాకేమవుతావు?"

"ఆడపడుచుని."

"నేను నీకు?"

"వదినవి."

"మన మధ్య ఉన్నది ఒకటే చుట్టరికం. కానీ ఇటునుంచి చూస్తే ఒక పేరు, అటునుంచి చూస్తే ఇంకో పేరు. ‘వదిన’ అని ఊరికే అంటే సరిపోతుందా, ఎవరికి వదిన అని అడగొద్దూ? శాతమూ అంతే. ఇరవై శాతమని చెప్తే సరిపోదు, దేనిలో ఇరవై అని అడగాలి. పెద్దదాన్నుంచి చిన్నదానికి దిగేటప్పుడు అది ఇరవై. చిన్నదాన్నుంచి పెద్దదానికి ఎక్కేటప్పుడు దాని పేరు ఇరవై కాదు."

"మరేంటి?"

అదేమిటో వాళ్ళిద్దరికీ ఇంకా తెలియదు. మూతలమ్మ తన ఎడమచెయ్యి చాచింది. "ఇదిగో పచ్చి మూత, ఐదు వేళ్ళు. ఐదో వంతు బట్టీ తినేసింది" అని బొటనవేలు మడిచింది. "నాలుగు మిగిలాయి. ఈ నాలుగే నా పన్నెండు. అంటే వేలికి మూడు. ఇప్పుడు మడిచిన వేలు మళ్ళీ తెరవాలి. నాలుగు వేళ్ళున్నవాడికి ఒక వేలంటే ఎంత?"

"నాలుగో వంతు" అంది ఆడపడుచు. ఆ మాట అంటూనే నోటి మీద చెయ్యి వేసుకుంది.

"పావు! తగ్గేది ఐదో వంతు, పెంచాల్సింది పావు! పన్నెండుకి పావు మూడు. పదిహేను!"

పదిహేను తీసుకుని మళ్ళీ కిందికి దిగి చూసింది. ఐదో వంతు మూడు, పోగా పన్నెండు. ఇంకోసారి దిగింది, ఇంకోసారి ఎక్కింది. ఎటునుంచి నడిచినా లెక్క నిలబడింది. పావు, అర, ముప్పావు ఆమెకు చిన్నప్పటినుంచీ చేతిలో పనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన కథ అనిపించి, పగలబడి నవ్వింది. ఏమైందోనని మొగుడు పక్కవాటాలోంచి పరిగెత్తుకొచ్చాడు. "మా అన్నయ్య ఓపికని కూడా పావు పెంచు వదినా" అంది ఆడపడుచు.

రెండో సోమవారం బట్టీ తెరిచినప్పుడు పనివాళ్ళందరూ చుట్టూ చేరారు. సూపర్‌వైజర్ మూత స్కేలు మీద పదకొండు సెంటీమీటర్లూ ఏడు చిన్న గీతలూ వచ్చింది. నొక్కినా సీసా మీద దిగలేదు. మూతలమ్మ మూతను యజమాని సీసా మీద పెట్టి చెయ్యి తీసేశాడు. అది తనంతట తాను మెల్లగా దిగి కూర్చుంది. వేలితో తిప్పితే తిరిగింది, అటూ ఇటూ కదిపితే కదల్లేదు.

యజమాని నమ్మలేదో, లేక ఆయనకు సరదా పుట్టిందో, అక్కడికక్కడే పరీక్ష పెట్టాడు. "పదహారు వెడల్పుది కావాలంటే?"

"ఇరవై."

"ఆరు?"

"ఏడున్నర."

"ఏడు?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎవరో నవ్వబోయారు. "ఏడుకి పావు ఒకటీ ముప్పావు. ఎనిమిదీ ముప్పావు" అంది. నవ్వబోయినవాళ్ళు చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజర్ మాత్రం తన పలక వంక చూసుకుంటూ, "ఇరవై కలిపితే ఎందుకు రాలేదు?" అని తనలో తానే గొణుక్కున్నాడు. ఆ మాటలో నిజాయితీ ఉంది. మూతలమ్మ అతణ్ణి పక్కకు పిలిచి, "మీరు వారికేమవుతారు బాబూ?" అని యజమానిని చూపించి మొదలుపెట్టింది.

మూడు వందల మూతలూ కాలి వచ్చాక, వాటితోపాటు ఆమె కూడా వ్యానులో మందుల దుకాణానికి వెళ్ళింది. అక్కడి పెద్ద కాంపౌండరు కళ్ళజోడు ముక్కు చివరకి జార్చి, "ఒక్కటొక్కటే చూసి తీసుకుంటాను" అన్నాడు. చూడకపోతే ఆమే ఒప్పుకునేది కాదు. సీసా, మూత. సీసా, మూత. కూర్చున్నప్పుడల్లా ఒకటే చప్పుడు, టక్, టక్ అని. వంద దాటింది, రెండువందలు దాటింది. మూతలమ్మ లెక్కపెడుతూ నిలబడింది. రెండువందల నలభై ఒకటో మూత దిగలేదు.

కాంపౌండరు మళ్ళీ పెట్టాడు. దిగలేదు. "ఇదుగో, తప్పు వచ్చింది" అన్నాడు. మూడొందలూ సరిపోతేనే బల్ల అన్నాడు యజమాని. ఆమె ఆ మూతను తీసి పక్క సీసా మీద పెట్టింది. టక్కున దిగింది. ఇంకో సీసా మీద పెట్టింది. దిగింది. అప్పుడు స్కేలు అడిగి తీసుకుని ఆ మొండి సీసా మూతిని కొలిచింది.

"మూత తప్పు కాదండీ, సీసా తప్పు. మిగతావన్నీ పదకొండూ ఎనిమిది గీతలు. ఇది పన్నెండూ రెండు. ఇది మీ సెట్టులోది కాదు, ఎక్కణ్ణుంచో వచ్చి కలిసింది."

కాంపౌండరు సీసా తిరగేసి చూశాడు. అడుగున వేరే ముద్ర ఉంది. "నిజమేనమ్మా" అని తలూపాడు. "మరి దీనికేం చేస్తారు? మళ్ళీ కొలతలు పంపి, లెక్కలేయించి..."

"ఎందుకండీ? రెండు గీతలు వదులుంచి పన్నెండూ నాలుగు గీతల మూత కావాలి. దానికి పావు మూడూ ఒక గీత. పదిహేనున్నరకి అచ్చు చేస్తే సరి." నిలబడ్డచోటే, కాగితం లేకుండా, ముందు కాస్త తడబడి తర్వాత తడబాటు లేకుండా చెప్పింది. ఏడో తరగతిలో నవ్వినవాళ్ళందరూ ఆ దుకాణంలో వరసగా నిలబడి ఉంటే బాగుండునని ఆమెకు గట్టిగా అనిపించింది. అనిపించిందని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు కూడా.

మిగతా యాభై తొమ్మిదీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఒక్కటీ ఆగలేదు. కాంపౌండరు రసీదు మీద, మూతలు మూడు వందలూ సరైనవి, సీసా ఒకటి తేడా అని రాసి సంతకం పెట్టాడు. ఆమె దుకాణం మెట్ల మీదికొచ్చి యజమానికి ఫోను చేసింది.

"అయ్యా, మూడొందలూ సరిగ్గా ఉన్నాయి. వాళ్ళ సీసా ఒకటి మాత్రం వేరే రకం. దానికి రేపే కొత్త అచ్చు ఒకటి చెయ్యాలి, పదిహేనున్నర. పొద్దున్న నేనొచ్చేసరికి నా బల్ల మీద అచ్చు పోసే ప్లాస్టర్ పొడి పెట్టించండి."

‘నా బల్ల’ అని తనే అనేసింది. అవతలినుంచి యజమాని మెత్తని గొంతుతో అన్నాడు:

"పెట్టిస్తాను మేస్త్రీ."